గోడలో పిట్ట

దుబీనా పల్లె, మానిటోబా
1996 సెప్టెంబరు చివర

అక్కా,

నువ్వు పంపిన గసగసాల రొట్టె అందింది. బేకరీలో పనిచేసే అక్క ఉండి కూడా రాయిలాంటి రొట్టె తినే యోగం నాకే పట్టింది. తప్పు నీది కాదులే, పోస్టు వాళ్ళది. పాలల్లో నానబెట్టుకుని మొత్తం తినేశాను.

ఈ ఏడు నా గదిలో మూడు తరగతుల్ని కలిపి కూర్చోబెట్టారు. వేసవంతా దూడల్లా పొలాల మీద పడి తిరిగిన పిల్లలు, ఒక్కడూ కుదురుగా కూర్చోడు. అందుకని కొత్త పని ఒకటి మొదలుపెట్టాను. పేరు 'చెవుల వేళ'. పొద్దున గంట కొట్టగానే అందరూ బల్ల మీద తల వాల్చి కళ్ళు మూసుకోవాలి. గదిలో ఏమేం వినబడుతున్నాయో వినాలి. విన్నవాళ్ళు చెయ్యెత్తి చెప్పాలి, నేను నల్లబల్ల మీద రాస్తాను. ఒకళ్ళు విన్నదాన్ని ఇంకొకళ్ళు లేదనకూడదు. టీచరు వినకూడదు, రాయడమే. ఇవీ మా చట్టాలు.

ఎన్ని చెబుతారో తెలుసా! పెన్సిలు చెక్కే కరకర, ఎవరిదో బూటు కిర్రు, బయట ఆపకుండా వదిలేసిన బడి బస్సు ఇంజను, పక్కవాడి ముక్కు, గదిని వేడిచేసే రేడియేటరు. 'రేడియేటరు గుడగుడమంటోంది టీచరమ్మా, మా తాత కడుపులాగా!' అంది స్లావ్కా. ఏడేళ్ళ పిల్ల. వెనక బల్ల మీద, స్టోర్‌రూము గోడకి ఆనుకుని కూర్చుంటుంది. పోస్టాఫీసులో పనిచేసే స్టెఫా లేదూ, నా దగ్గరే చదువుకుంది, ఆమె కూతురు. ఎప్పుడూ నా ముందుకొచ్చి నా ముఖంలోకి చూస్తూ గట్టిగా మాట్లాడుతుంది. గొంతు కాస్త పెద్దది ఆ పిల్లకి. నాకు ముద్దొస్తుంది.

ఫోన్ చెయ్యడం లేదని కోప్పడకు. ఈ ఊరి లైను సంగతి నీకు తెలుసు కదా, గరగర తప్ప ఏమీ ఉండదు. ఉత్తరమే నయం.

నీ
దార్కా

*

విన్నిపెగ్
అక్టోబరు

ఒసేయ్ దార్కా,

గరగరా? అదే లైనులో మీ ఊరి చర్చి ఫాదర్ గారి భార్య మొన్న నాతో గంటసేపు మాట్లాడింది. వాళ్ళ కోడలు క్యాబేజీ ఆకుల్లో అన్నం చుట్టడం కూడా రాదని పూసగుచ్చినట్టు చెప్పింది. ఒక్క గరగరా వినబడలేదు. నీ ఒక్కదానికే ఎందుకు వస్తుందట? ఫోను మార్చుకోమని నిరుటి నుంచి చెబుతున్నాను. నీకు చెప్పడమూ ఒకటే, చెవిటివాడి ముందు శంఖం ఊదడమూ ఒకటే.

నీ చెవుల వేళ బాగుంది. మేమూ బేకరీలో పెట్టాం అనుకో, వినబడేది మా యజమాని తిట్లు ఒక్కటే. అయినా నీకు ఆ వయసు పిల్లలంటే మొదటినుంచీ పిచ్చి. పెళ్ళి చేసుకోవే అంటే 'నాకు బడి ఉంది కదా' అన్నావు. సరే, ఉంది. చలి ముదరకముందే ఆ కిటికీ సందులు మాత్రం మూయించుకో. వాసిల్‌కి చెప్పు. బడి ఊడ్చేవాడికి ఆ మాత్రం తీరిక ఉండదా? రేడియోలో అకార్డియన్ పాటలు పెట్టుకుని చీపురుతో డాన్సు చేస్తుంటాడు, ముసలి పెళ్ళికొడుకు.

క్రిస్మస్‌కి రాకపోతే ఊరుకోను.

ఒరీస్యా

*

దుబీనా పల్లె
డిసెంబరు మొదట్లో

అక్కా,

వస్తాను. రాక ఎక్కడికి పోతాను?

వాసిల్‌ని ఏమీ అనకు, మంచివాడు. కిటికీకి గుడ్డలు కుక్కాడు. అయినా నా బల్ల పక్కనుంచి గాలి కోసేస్తోంది. పాలు తెచ్చే లోపల గడ్డకట్టే చలి.

నీకొక వింత చెప్పాలి. మా గది గోడలో పిట్ట చేరింది! కనిపెట్టింది స్లావ్కా. చెవుల వేళలో చెయ్యెత్తి, 'టీచరమ్మా, గోడలో పిట్ట అరుస్తోంది' అంది. రాశాను. మర్నాడు ఇంకో ఇద్దరు 'మాకూ వినబడింది' అన్నారు. ఇప్పుడు రోజూ నల్లబల్ల మీద మొదటి మాట పిట్టే. 'బయట చలికి చచ్చిపోతానని లోపలికి దూరింది, పాపం' అంటుంది స్లావ్కా. ఇంటినుంచి రొట్టె తెచ్చి, పొడి చేసి గోడ వారన పోస్తోంది.

తారాస్ అని పెద్ద తరగతి వాడొకడు ఉన్నాడు, అన్నీ తెలిసినవాడు. లేచి, 'అది పిట్ట కాదు టీచర్, ఏదో మెషీను. పిట్టయితే ఒక్కలాగే అరుస్తుందా?' అన్నాడు. స్లావ్కా ముఖం ఇంతయిపోయింది. నేను వాడిని నిలబెట్టి, 'మన చట్టం ఏమిటి? ఒకళ్ళు విన్నదాన్ని లేదనొచ్చా?' అని అడిగాను. 'అనకూడదు' అని గొణిగాడు. పిల్లలందరి చేతా మరోసారి చట్టం చెప్పించాను. తర్వాత తారాస్ కూడా పిట్ట అనే చెబుతున్నాడు.

ఈ మధ్య నాకు ఇంత సంతోషం కలగలేదక్కా. ఆ రొట్టె పొడిని ఊడవద్దని వాసిల్‌కి చెప్పాను.

దార్కా

*

విన్నిపెగ్
1997 జనవరి మొదట్లో

దార్కా,

నువ్వు వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. గోధుమ పాయసం ఇంకా మిగిలి ఉంది, నేనూ మా ఆయనా పోటీలు పడి తింటున్నాం.

భోజనాల బల్ల దగ్గర మరీ ముభావంగా కూర్చున్నావేమిటే? మా అల్లుడు నిన్ను ఏదో అడిగితే నవ్వి ఊరుకున్నావట, 'చిన్నత్తగారికి నేనంటే కోపమా?' అని అడిగాడు. ప్రయాణం బడలిక అని చెప్పి పంపాను. నిన్నొకటి అడుగుదామనుకున్నాను. బస్సు ఎక్కేదాకా నోరు పెగల్లేదు. పోనీలే, ఇంకోసారి అడుగుతాను.

అమ్మ స్వెట్టరు మర్చిపోయి వెళ్ళావు. పోస్టులో పంపుతున్నాను. వేసుకో.

ఒరీస్యా

*

దుబీనా పల్లె
జనవరి ఆఖరు

అక్కా,

పేపర్లో చూసే ఉంటావు. నా చేత్తో నేను రాయాలి కదా అని రాస్తున్నాను.

సెలవుల తర్వాత బడి తెరిచేసరికి పిట్ట అరుపు ఆగిపోయింది. స్లావ్కా ఏడ్చింది. దక్షిణానికి ఎగిరిపోయిందని చెప్పి ఊరుకోబెట్టాను. తర్వాత మంచు తుపాను పట్టుకుంది. బడిని వేడిచేసే బాయిలరు పొగగొట్టం బయట మంచుతో పూడిపోయింది. ఎవరూ చూడలేదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుందట. అది వెనక్కి తిరిగి గదిలోకి వచ్చింది.

పొద్దున పిల్లలు తలనొప్పి అన్నారు. ఊరంతా జలుబులే కదా అనుకున్నాను. చెవుల వేళ పెట్టాను. అందరూ బల్లల మీద తలలు వాల్చారు. నేను ఎప్పటిలాగే కిటికీ పక్కన సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. ఒక్క చెయ్యీ లేవలేదు. ఇవాళ ఎంత శ్రద్ధగా వింటున్నారో అని మురిసిపోయానక్కా. అలాగే ఉండనిచ్చాను. ఎంతసేపు ఉండనిచ్చానో నాకే తెలియదు.

వాసిల్ వచ్చి నా భుజం పట్టుకుని ఊపాడు. అప్పటికే నా వెనక కిటికీలు పగలగొట్టాడు. పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే చంకలో వేసుకుని మంచులోకి మోశాడు. నేనూ మోశాను. అందరూ బతికారు. వెనక బల్ల వాళ్ళు ఆలస్యంగా లేచారు. స్లావ్కా ఇంకా లేవలేదు.

స్టోర్‌రూములో ఆ గాలిని పసిగట్టే అలారం డబ్బా ఉందట. నిరుడు పెట్టారట. అది మోగలేదు.

దార్కా

*

విన్నిపెగ్
ఫిబ్రవరి మొదట్లో

నా తల్లీ,

రేడియోలో మీ ఊరి పేరు చెప్పగానే చేతిలో పిండి ముద్ద కింద పడేసి ఫోను దగ్గరికి పరిగెత్తాను. మోగి మోగి ఆగిపోయింది. రెండు రోజులు చేస్తూనే ఉన్నాను. ఎక్కడున్నావే? ఫాదర్ గారి భార్య 'ఇంట్లోనే ఉంది, దీపం వెలుగుతోంది' అంది. ఎందుకు ఎత్తలేదు?

నీ తప్పేమీ లేదు. పేపర్లో రాశారు కదా, అలారం బ్యాటరీ మార్చడం వాసిల్ పని, వాడు మర్చిపోయాడు. ఇప్పుడు పిల్లల్ని మోసినంత మాత్రాన ఆ తప్పు పోతుందా? మార్చిలో బడి బోర్డు వాళ్ళు విచారణ పెడతారట. వాడిని తీసేస్తారు, కేసు కూడా పెడతారంటున్నారు. పెట్టనీ.

స్లావ్కా కోసం కొవ్వొత్తి వెలిగించాను. నువ్వు అన్నం తింటున్నావా?

ఒరీస్యా

*

దుబీనా పల్లె
ఫిబ్రవరి మధ్యలో

అక్కా,

స్లావ్కా కళ్ళు తెరిచింది. తెరిచింది, అంతే. స్టెఫా చెంచా పెదవులకి ఆనిస్తే నోరు తెరవాలని కూడా తెలియడం లేదు. డాక్టర్లు మెదడుకి గాలి అందలేదన్నారు. కాగితం మీద రాసి చూపించమని నర్సుని అడిగితే రాసి ఇచ్చింది. ఎందుకు రాయించుకున్నానో చెబుతాను, విను.

నాకు వినబడదక్కా. రెండేళ్ళయింది. సన్న శబ్దాలు ముందు పోయాయి. పిచ్చుకలు, కెటిల్ ఈల, గడియారం. తర్వాత ఫోనులో మాటలు. గొంతులు వినబడతాయి, మాటలు అర్థం కావు. మనుషులు ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తున్నాను. అమ్మకి ఎలా వచ్చిందో అలాగే. అమ్మ వెనక నిలబడి మనం పిల్లికూతలు కూసి నవ్వేవాళ్ళం, గుర్తుందా?

చెవుల వేళ పిల్లల అల్లరి మాన్పడానికి పెట్టలేదు. గదిలో ఏమేం శబ్దాలున్నాయో వాళ్ళు చెబితే, అందులో నాకు ఎన్ని మిగిలాయో చూసుకోవడానికి పెట్టాను. టీచరు వినకూడదన్న చట్టం నా కోసం రాసుకున్నదే. ఒకళ్ళు విన్నదాన్ని లేదనకూడదన్నదీ నా కోసమే. వాదన వస్తే తీర్పు చెప్పాల్సింది నేను కదా. బడికి తెలిస్తే పంపించేస్తారు. ఆ గది లేకపోతే నాకు ఇంకేముంది?

అది పిట్ట కాదు. ఆ అలారం డబ్బా బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు సన్నగా కిచ్‌మంటుందట, ఆగి ఆగి, మార్చేదాకా. అలా నెలపాటు పిలిచి చచ్చిపోయింది. పిల్లలు ఇళ్ళకి వెళ్ళాక వాసిల్ రేడియో పెట్టుకుని ఊడుస్తాడు, ఆ స్టోర్‌రూము తలుపు తియ్యడు. వినాల్సింది నేను. పిల్లలు రోజూ చెప్పారు. నేను రోజూ నా చేత్తో నల్లబల్ల మీద రాశాను. తారాస్ మెషీను అని కూడా చెప్పాడు. వాడి నోరు నేనే మూయించాను. 'ఏదీ, ఎక్కడ, పద చూద్దాం' అని ఒక్క మాట అనలేకపోయాను, గోడకి చెవి ఆనిస్తే నాకేమీ వినబడదని భయం.

వాసిల్ 'కిచ్‌మంటోందని నాకెవరూ చెప్పలేదు బాబూ' అని వాకబుకి వచ్చిన బోర్డు వాళ్ళ ముందు ఏడ్చాడట. నన్ను అడిగారు, గదిలో ఏమైనా వినబడిందా అని. నాకేమీ వినబడలేదని చెప్పాను. అది నిజమే కదా అక్కా.

నువ్వు అక్టోబరులో శంఖం సామెత రాశావు. సరదాకే రాశావని తెలుసు. అయినా ఆ ఉత్తరాన్ని రెండోసారి చదవలేకపోయాను.

దార్కా

*

విన్నిపెగ్
ఫిబ్రవరి ఆఖరు

దార్కా,

నీ ఉత్తరం చదివి ఇంటివెనక మంచులో నిలబడి ఏడ్చాను. లోపల మా ఆయన ఉన్నాడు.

నాకు తెలుసు. అందుకు కూడా ఏడ్చాను. క్రిస్మస్ రాత్రి కుర్రాళ్ళు గంటలు వాయిస్తూ మన గుమ్మంలో పాటలు పాడారు. గోడలు అదిరాయి. నువ్వు వంటగదిలో వీపు తిప్పి గిన్నెలు కడుగుతూనే ఉన్నావు. అందరం చూశాం. ఎవరమూ మాట్లాడలేదు. నిన్ను అడుగుదామనుకున్నది అదే. అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు. బుద్ధి లేక శంఖం సామెత కూడా రాశాను.

ఇప్పుడు నా మాట విను. నోరు మూసుకుని ఉండు. నువ్వు చెబితే ఆ పిల్ల లేచి కూర్చోదు. నీ ఉద్యోగం పోతుంది, పరువు పోతుంది, నిన్ను జైల్లో పెడతారేమో కూడా. వాసిల్ ముసలాడు, ఎలాగూ మానేసే వయసు. వాడికి కొడుకులున్నారు. నీకెవరున్నారు? నేనున్నాను, అందుకే చెబుతున్నాను. దేవుడు నన్ను ఎలా చూస్తాడో చూడనీ. నాకు చెల్లెలు కావాలి.

విచారణకి నేనూ వస్తాను. నీ పక్కన కూర్చుంటాను. నువ్వు లేవబోతే చెయ్యి పట్టుకుని లాగుతాను.

ఒరీస్యా

*

దుబీనా పల్లె
మార్చి

అక్కా,

లాగావు. నీ వేళ్ళ పట్టు ఇంకా నా చేతి మీద నల్లగా ఉంది. కోపం లేదు.

నువ్వు పక్కనే ఉన్నావు కాబట్టి జరిగింది నీకు తెలుసు. నాకు జరిగింది వేరు, అందుకని రాస్తున్నాను. విచారణకి చర్చి హాలు నిండా జనం. బోర్డు ఆయన పెదాలు కదిలాయి, మీసాలు అడ్డం. వాసిల్ టోపీని రెండు చేతులతో పిండుతున్నాడు. వాడి కొడుకు వాడి వైపు కూడా చూడటం లేదు. అప్పుడు లేచాను. చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో తెలియదు, అరిచానేమో. నాకు వినబడదనీ, పిల్లలు చెప్పారనీ, తారాస్ చెప్పాడనీ, నోరు మూయించాననీ. వాసిల్ ఆ రోజు రాకపోతే ఒక్క పిల్లా మిగిలేది కాదనీ.

తర్వాత హాలు ఎలా ఉందో నాకు తెలియదు. గోల జరిగిందో, చీమ చిటుక్కుమనకుండా ఉన్నారో. ముఖాలు మాత్రం కనబడ్డాయి. నేను అనుకున్నట్టు లేవు. ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. అందరూ తలలు దించుకున్నారు. అది నాకు అర్థం కాలేదు.

స్టెఫా లేచి మన దగ్గరికి వచ్చింది. నా ముందు నిలబడింది. స్కార్ఫు నోటికి అడ్డంగా పట్టుకుని, నేల చూస్తూ ఏదో చెప్పింది. చాలాసేపు చెప్పింది. నాకు ఒక్క ముక్క అందలేదు. మళ్ళీ చెప్పమ్మా అని ఆ తల్లిని ఎలా అడగను? ఏ ముఖం పెట్టుకుని అడగను? తల ఊపాను. దేనికి ఊపానో నాకే తెలియదు. వెళ్ళిపోయింది.

దారిలో నిన్ను అడిగితే 'ఏమీ లేదు, ఏడ్చింది' అన్నావు. నీ పెదాలు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అబద్ధం చెప్పేటప్పుడు కింది పెదవి లోపలికి పోతుంది.

ఉద్యోగం పోయింది. తాళం చెవి ఇచ్చేశాను. వాసిల్ మీద కేసు లేదట. నా మీద ఏం చేస్తారో ఇంకా చెప్పలేదు, ఏం చేసినా ఒకటే. నాకు కావలసింది ఒక్కటే. స్టెఫా ఏమంది? తిట్టినా, శపించినా, ఉన్నది ఉన్నట్టు రాయి. ఇంకోసారి దయ తలచి దాచకు.

దార్కా

*

విన్నిపెగ్
ఏప్రిల్ మొదటి వారం

దార్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

స్టెఫా అన్న మాటలు ఇవి. 'మీకు వినబడదని మాకు తెలుసు టీచరమ్మా. ఊరందరికీ తెలుసు. నిరుడే తెలుసు. మీరు చిన్నబుచ్చుకుంటారని ఎవరమూ పైకి అనలేదు. మా స్లావ్కా బళ్ళో చేరిన రోజు నేనే కూర్చోబెట్టి చెప్పాను. టీచరమ్మకి వినబడదు, ముందుకెళ్ళి ముఖం చూస్తూ గట్టిగా మాట్లాడు. ఎందుకు వినబడదని మాత్రం అడక్కు, వినబడటం లేదా అని కూడా అనకు, ఆవిడ బాధపడతారు అని ఒట్టు వేయించుకున్నాను. పిట్ట సంగతి ఇంట్లో చెప్పినప్పుడు, టీచరమ్మని గోడ దగ్గరికి తీసుకెళ్ళి చూపించావా అని అడిగాను. చూపించలేను కదమ్మా, టీచరమ్మకి వినబడదు కదా, బాధపడతారు, నువ్వే అన్నావు కదా అంది. మంచి పిల్లవి అని ముద్దు పెట్టుకున్నాను.'

అంతే అంది. తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. నువ్వు తల ఊపావు. ఆమె వెళ్ళిపోయింది.

హాల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదన్నావు. అందుకే పోలేదు. వాసిల్‌కి కూడా తెలుసట. ఫాదర్ గారి భార్యకి తెలుసు, నాకు ఫోనులో ఎప్పుడూ అనలేదు. నేనూ ఆవిడతో అనలేదు. నువ్వు దాచావు, మేము దాచిపెట్టాం. ఎవరికి వాళ్ళం మంచి పని చేస్తున్నామనే అనుకున్నాం. దీన్ని ఎలా మోయాలో నాకు తెలియడం లేదు. నీకు ధైర్యం చెప్పే మాట నా దగ్గర ఒక్కటి కూడా లేదు.

శనివారం బస్సుకి వస్తున్నాను. ఈసారి ఉండటానికే వస్తున్నాను, మా ఆయనకి చెప్పేశాను. బస్టాండుకి రాకు, నడుచుకుంటూ వస్తాను. తలుపు గడియ పెట్టకు. నేను కొట్టినా నీకు వినబడదు. నేరుగా లోపలికి వచ్చేస్తాను.

ఒరీస్యా